వేలు దూరని కాలరు

కాలరక్క కుట్టిన చొక్కా వేసుకున్నవాడు కింద పడిన తాళంచెవిని వంగి తీసుకోలేడని బస్సు డిపోలో ఒక వేళాకోళం ఉండేది. "మోకాళ్ళ మీద కూర్చుని తడుముకోవాలిరా, మెడ మాత్రం వంగదు" అంటూ డ్రైవర్లు ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. ఆ మాట తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడనే పడింది. ఇంకొకరైతే నొచ్చుకునేవారు. ఆవిడ మాత్రం ఎవరో బిరుదిచ్చినంత సంబరపడిపోయింది.

ఆవిడ అసలు పేరేమిటని అడిగితే వీధిలో సగం మంది నీళ్ళు నములుతారు. డిపో గోడకు ఎదురుగా ఇల్లు, ఇంటి ముందుగదిలోనే కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనక కత్తిరింపుల బల్ల, ఆ వెనక ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ బల్ల దగ్గర పొద్దస్తమానం నిలబడి ఉండే మనిషి ఆవిడ భర్త. ఆవిడ తమ్ముడు ఆయన్ని బావా అని పిలుస్తాడు గనుక డిపో మొత్తానికి ఆయన ఇస్త్రీ బావ అయిపోయాడు. "మా ఇంట్లో మాటలు కుట్టేది తను, మడతలు తీసేది నేను" అనేవాడాయన. అది నూటికి నూరుపాళ్ళూ నిజం.

దూరప్రయాణాల బస్సులు నడిపేవాళ్ళకు తెల్లచొక్కా, నీలం టై తప్పనిసరి. పైగుండీ పెట్టకుండా బస్సెక్కితే కంపెనీ ఊరుకోదు. ఆ చొక్కాలన్నీ కుట్టేది ఆవిడే. చేతులు, జేబులు, కాజాలు ఎవరైనా కుడతారు, కాలరు కుట్టడమే విద్య అని ఆవిడ నమ్మకం. కాలరు లోపల పెట్టే బక్రం అనే బిరుసు గుడ్డ ముక్కను తడిపి, ఆరబెట్టి, గుడ్డ మీద పరిచి, అంచు నుంచి వెంట్రుకవాసి లోపలికి కుట్టు వేసుకుంటూ పోయేది. భర్త గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇస్తే, ఆ కాలరును బల్ల మీద నిలబెట్టి చూసేది. ఒరిగిందా, మళ్ళీ మొదటికే.

మిగతా దర్జీలు మెడ కొలిచేటప్పుడు టేపు లోపల రెండు వేళ్ళు పెట్టి, ఆ మేరకు వదులు ఉంచుతారు. మెడకు ఊపిరాడాలి గదా అంటారు. ఆవిడకు ఆ మాట వింటేనే ఒళ్ళుమంట. "మెడకెందుకయ్యా ఊపిరి? ముక్కుంది కదా!" అనేది. చొక్కా తొడిగించి, పైగుండీ పెట్టి, కాలరు సందులో తన చిటికెన వేలు పెట్టి చూసేది. దూరిందంటే అక్కడికక్కడే కుట్టు విప్పేసేది. చిన్నప్పుడు చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో అక్కడి మేస్త్రీ నేర్పిన సూత్రమట అది. ఆ మేస్త్రీ కుట్టింది షోరూముల అద్దాల వెనక నిలబెట్టే చెక్కబొమ్మలకని, బొమ్మలకు మెడ తిప్పే అవసరం ఉండదని భర్త ఒకసారి గుర్తుచేశాడు. ఆ పూట ఆయనకు టీ దొరకలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి.

వేసుకున్నవాళ్ళు ఏమనేవారు? "ఎలా ఉందయ్యా?" అని అడిగితే అందరూ ఒకటే మాట: "బాగుందక్కా." అన్నేళ్ళలో ఒక్క చొక్కా కూడా వెనక్కి రాలేదు. ఆవిడకు అదే పెద్ద కితాబు.

ఆ డ్రైవర్లలో ఒకడు ఆవిడ సొంత తమ్ముడు. తల్లి మంచాన పడ్డ రోజుల్లో బడికి పోయే వాడికి గుండీలు పెట్టి పంపింది తనే. పెళ్ళై, పిల్లలు పుట్టి, వాళ్ళు పెద్దవాళ్ళై, వాడికి తల నెరిసినా ఆవిడ కంటికి వాడు ఇంకా గుండీలు తప్పుగా పెట్టుకునే పిల్లాడే. వాడికి ఉద్యోగం వచ్చిన రోజున మెడ కొలిచి, అట్టకాగితం మీద కాలరు నమూనా కత్తిరించి, గోడకు మేకు కొట్టి తగిలించింది. అప్పటినుంచీ వాడి చొక్కాలన్నీ ఆ నమూనా మీదే. మళ్ళీ టేపు పెట్టింది లేదు. డ్యూటీ ఎక్కేముందు రోజూ వచ్చి అక్క చేత పైగుండీ పెట్టించుకోవడం వాడి అలవాటు. "ఒక్కసారి కొలవకూడదూ, వాడు ఒళ్ళు చేశాడు" అని భర్త అంటే, "నా తమ్ముడి మెడ నాకు కొత్తా?" అని కొట్టిపారేసేది.

ఆ ఏడు కంపెనీవాళ్ళు, ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా చేయని డ్రైవరని వాడికి పతకం ఇస్తామన్నారు. ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒకే తాను నుంచి రెండు చొక్కాలు కుట్టింది. ఫోటోలో కాలరు నిటారుగా నిలబడాలని బక్రం ఒక పొరకు రెండు పొరలు వేసింది. పతకం ఇచ్చేది సాయంత్రం, డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోవాలి గనుక పొద్దున్నే కొత్త చొక్కా తొడిగించింది. గుండీ పెట్టడానికి వాడి గడ్డం పైకెత్తాల్సి వచ్చింది. మొహం కాస్త కందింది.

"ఎలా ఉందిరా?"

"బ్రహ్మాండంగా ఉందక్కా."

కాలర్ ఎగరేసుకుంటూ వెళ్ళరా అని నవ్వుతూ సాగనంపింది. ఎగరేయడానికి ఆ కాలరు కదిలితే కదా అని భర్త గొణిగాడు.

బస్టాండు గేటు దాటి పెద్దరోడ్డు ఎక్కేచోట, వెనక నుంచి వచ్చే బళ్ళు చూద్దామని వాడు మెడ కుడివైపుకు తిప్పాడు. ఆ తర్వాత వాడికేమీ తెలియదు. నిండా జనంతో ఉన్న బస్సు నెమ్మదిగా పక్కకు ఒరుగుతూ డివైడరు ఎక్కి, దీపస్తంభానికి గుద్దుకుని ఆగింది. వేగం లేదు కాబట్టి సరిపోయింది. అయినా ముందు సీట్లో కూర్చున్న ఒకావిడకు ముంజేయి విరిగింది. మిగిలినవాళ్ళకు దెబ్బలు. కండక్టరు వచ్చి కుదిపేసరికి వాడు కళ్ళు తెరిచి, "ఏమైంది? ఎవరు గుద్దారు?" అని అడిగాడట. తానే గుద్దానని చెబితే నమ్మలేదు.

పతకం తీసుకోవాల్సిన రోజే ఇలా జరిగింది. వార్త వినగానే కాలరక్క మిషను తొక్కుతూ తొక్కుతూ అలాగే కొయ్యబారిపోయింది. సూది గుడ్డలో దిగి అక్కడే ఉండిపోయింది.

ముందు తాగాడన్నారు. పరీక్ష చేస్తే తాగలేదని తేలింది. నిద్రపోయాడన్నారు, బయల్దేరి పట్టుమని పది నిమిషాలు కాలేదే అని కండక్టరే అడ్డుపడ్డాడు. ఆస్పత్రిలో తల స్కాన్ తీస్తే తలలో ఏమీ లేదు, రక్తంలో చక్కెరా బాగానే ఉంది. కారణం దొరక్కపోయేసరికి అందరి నోటా ఒకటే మాట మిగిలింది: మూర్ఛ. ఆ మాట గనక విచారణలో ఖాయమైతే వాణ్ని ఇక ఏ బస్సూ ఎక్కనివ్వరు. ఎక్కించుకున్న ప్రతివాణ్నీ భద్రంగా దించాడన్న పేరు ఒక్కటే వాడు జీవితంలో సంపాదించుకున్నది. అదీ పోతుంది.

అంతకంటే పెద్ద భయం వాడి లోపలే ఉంది. "దీపం ఆర్పేసినట్టయిందక్కా. నొప్పి లేదు, హెచ్చరిక లేదు. ఈసారి రోడ్డు దాటుతుంటే ఆరిపోతే? మనవరాల్ని ఎత్తుకుని ఉన్నప్పుడు ఆరిపోతే?" అని అడిగాడు. మాటలు కుట్టే మనిషికి ఆ పూట దారం దొరకలేదు.

విచారణ నాడు పొద్దున తమ్ముణ్నీ మరదల్నీ ఇంటికి పిలిపించింది. "తల వేలాడేసుకుని పోతే తప్పు చేసినవాడివే అంటారు. తల ఎత్తుకుని పో" అని చెప్పి, ఆ తానులోదే రెండో చొక్కా తెచ్చి తొడిగింది. అదే నమూనా, అదే రెండు పొరల బక్రం. గడ్డం పైకెత్తి గుండీ పెట్టింది. చిటికెన వేలు పెట్టి చూసింది. దూరలేదు. తృప్తిగా టై బిగించింది.

"అద్దంలో చూసుకో. ఎడంపక్కకి తిరుగు. బాగుంది. ఇప్పుడు కుడిపక్కకి."

వాడు తిరిగాడు. "అక్కా, విచారణలో నేను ముందుగా..." అంటూ ఉన్నవాడు ఉన్నట్టుండి మాట మధ్యలోనే నిలువునా కూలిపోయాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ క్షణంలో ఆవిడకు తట్టిన మొదటి మాట, చొక్కా నలిగిపోతుందే అని! ఆ తర్వాతే పై ప్రాణాలు పైనే పోయాయి. ముగ్గురూ కలిసి వాణ్ని లేవనెత్తి కుర్చీలో కూలేశారు. పడిపోకుండా మరదలు భుజాలు పట్టుకుంది. వేలాడుతున్న తలను ఆవిడ రెండు చేతులతో నిటారుగా నిలబెట్టి పట్టుకుంది. వాడి మొహం గంజినీళ్ళ రంగుకు తిరిగింది. పెదవులు నల్లబడ్డాయి. చేతులు రెండూ టకటక కొట్టుకున్నాయి.

"మూర్ఛే వదినా! మూర్ఛే!" అని మరదలు గుండెలు బాదుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఇస్త్రీ బావ కాలరు గుండీ విప్పబోయాడు. వేళ్ళకు లొంగలేదు. కత్తెర తీసుకుని కాజాను అడ్డంగా కోసిపారేశాడు. "కొత్త చొక్కా!" అని అరిచింది ఆవిడ. అలవాటైన నోరు. ఈలోగా చేతులు జారి వాడు కుర్చీలోంచి నేల మీదికి బోర్లా జారిపోయాడు. కానీ చిత్రంగా, నేల మీద వెల్లకిలా తిప్పేసరికే మొహంలోకి రంగు రావడం మొదలైంది. కళ్ళు తెరిచాడు.

"ఏంటందరూ నన్నలా చూస్తున్నారు?" అన్నాడు.

విచారణ వాయిదా వేయించి, ఇస్త్రీ బావ అందరినీ పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ చాలాసేపు బల్లల మీద కూర్చోవాల్సి వచ్చింది. కాలరక్కకు చేతులు ఊరికే ఉంచడం తెలియదు. సంచిలోంచి ఆ చొక్కా, సూది, దారం తీసి కోసేసిన కాజాను బాగుచేయడం మొదలుపెట్టింది. తమ్ముడికి ఏమైందో ఇంకా తేలకముందే కాజా కుట్టడమేమిటని అడగకండి. భయం వేసినప్పుడు కొందరు ఏడుస్తారు, ఈవిడ కుడుతుంది.

గదిలోకి పిలిచిన డాక్టరు చిన్న వయసు అమ్మాయి. రాసేదానికంటే అడిగేది ఎక్కువ. పాత రిపోర్టులు చూసి పక్కన పెట్టేసింది.

"రెండుసార్లూ పడిపోయే ముందు మీరేం చేస్తున్నారండీ?"

"బస్సులో వెనక బళ్ళు చూద్దామని మెడ తిప్పానమ్మా. ఇంట్లోనూ అంతే. అద్దం ముందు మెడ తిప్పాను."

"అంతకు ముందెప్పుడైనా?"

"పడిపోలేదు గానీ, బస్సు వెనక్కి తీసేటప్పుడు ఒకటి రెండుసార్లు కళ్ళముందు తెర దిగినట్టయింది. గడ్డం గీసుకుంటుంటే ఒకసారి."

డాక్టరు కళ్ళు మెల్లగా కాలరక్క ఒడిలోకి దిగాయి. "అది ఆయన చొక్కాయేనా?"

"అవునమ్మా, నేనే కుట్టాను."

"వేసుకుంటే మెడ దగ్గర ఎంత వదులుంటుందండీ?"

ఇన్నాళ్ళకు తన పని గురించి అడిగిన డాక్టరు దొరికిందని ఆవిడ మొహం విప్పారింది. "వదులా! చిటికెన వేలు కూడా దూరదమ్మా. డిపోలో ఎవర్నైనా అడగండి!"

ఇస్త్రీ బావ ఒక్కసారిగా భార్య వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఆవిడకు మాత్రం ఇంకా అర్థం కాలేదు.

డాక్టరు నర్సును పిలిచి తమ్ముణ్ని మంచం మీద పడుకోబెట్టించింది. ఛాతీకి తీగలు అంటించారు, చేతికి రక్తపోటు పట్టీ చుట్టారు. తీగలు కలిపిన తెర మీద పచ్చటి గీత ఎగిరెగిరి పడుతోంది. అందరూ బయటికి వెళ్ళండి అంది నర్సు. వాడు అక్క చెయ్యి వదల్లేదు. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, "సరే, కాళ్ళ దగ్గర నిలబడండి. ఆయన్ని ముట్టుకోకండి, ఏం జరిగినా కంగారు పడకండి. మేం సిద్ధంగానే ఉన్నాం" అంది. మెడకు ఇరుపక్కలా స్టెతస్కోపు పెట్టి శ్రద్ధగా విన్నది. తర్వాత కుడిపక్క దవడ మూలకు కాస్త కింద, నాడి కొట్టుకునే చోట రెండు వేళ్ళు ఆనించి, నెమ్మదిగా నొక్కింది.

పచ్చగీత ఎగరడం మానేసింది.

అది ఆగిన తీరే ఆవిడ జన్మలో మరిచిపోలేదు. తగ్గి, నెమ్మదించి ఆగలేదు. ఒక ఎగురు ఎగిరి, ఇక లేదు. తెర మీద ఒట్టి గీత, సుద్దముక్కతో గుడ్డ మీద గీసినట్టు చదునుగా పోతూనే ఉంది. తమ్ముడి కళ్ళు పైకి తేలిపోయాయి. చెంపలు అదే గంజినీళ్ళ రంగుకు తిరిగాయి. డాక్టరు అప్పటికే వేళ్ళు తీసేసింది. అయినా గీత లేవలేదు. గుండె ఆగినంత పనైందని ఆవిడ ఎన్నోసార్లు ఎన్నో చిన్న విషయాలకు అనుంటుంది. ఇప్పుడు కళ్ళెదుట నిజంగా ఒక గుండె ఆగిపోయి ఉంది.

అప్పుడు గీత ఒక్కసారి ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. తమ్ముడు దీర్ఘంగా ఊపిరి తీసుకుని, "బస్సేది?" అన్నాడు.

బట్ట మీద మడత నిలవడానికి ఆవిడ గోటితో ఎంత నొక్కుతుందో, డాక్టరు అంత కూడా నొక్కలేదు. ఆ కాస్తకే మనిషి ఆగిపోయాడు. ఆవిడ మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది.

"మూర్ఛ కాదండీ ఇది" అంది డాక్టరు, అందర్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టి. తర్వాత కాలరక్క వైపు తిరిగింది. "మీరు కుట్టేటప్పుడు దారం ఎంత బిగువుగా వస్తోందో ఎలా తెలుస్తుంది?"

"వేలికి తెలుస్తుందమ్మా."

"మిషను లోపలికి చూడక్కర్లేదా?"

"అక్కర్లేదు. దారం మీద వేలు ఆనించుకుంటే చాలు."

"మెదడు కూడా అంతేనండీ. అది పుర్రెలో కూర్చుని ఉంటుంది, ఒంట్లో రక్తం ఎంతుందో, ఎంత ఒత్తిడిగా పారుతోందో దానికి కనపడదు. మెడలో పెద్ద రక్తనాళం రెండుగా చీలేచోట గోడ కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ గోడ ఎంత సాగుతోందో నరాలు క్షణక్షణం మెదడుకి కబురు పంపుతుంటాయి. దెబ్బ తగిలి రక్తం పోయినా, ఒంట్లో నీళ్ళు తగ్గినా, మనం గబుక్కున లేచి నిలబడినా ఆ సాగుడు తగ్గుతుంది. మెదడు వెంటనే గుండెని తొందరపెడుతుంది, నాళాల్ని బిగిస్తుంది. నీళ్ళు ఇంకా తక్కువైతే మూత్రంలో పోకుండా పట్టి ఉంచమంటుంది, దాహం వేయిస్తుంది. అదే సాగుడు ఎక్కువైతే, ఒత్తిడి పెరిగిందనుకుని గుండెని నెమ్మదించమంటుంది. ఇదంతా మనకి తెలియకుండానే జరిగిపోతుంది. ఇప్పుడు చెప్పండి, మీరు కుడుతుంటే పక్కనుంచి ఎవరో ఆ దారం పట్టుకు లాగారనుకోండి, ఏం చేస్తారు?"

"మిషన్లో బిగువెక్కువైందనుకుని వదులు చేస్తాను" అంది కాలరక్క. అనగానే ఆవిడ చూపు తన చిటికెన వేలి మీద పడింది.

"అదే జరిగింది. బయటినుంచి ఆ గోడని నొక్కితే మెదడుకి దొంగ కబురు వెళ్తుంది. రక్తపోటు తగ్గించడానికి గుండెని నెమ్మదించమంటుంది. మామూలుగా అయితే కాస్త నెమ్మదిస్తుంది, అంతే. వయసు మీదపడ్డాక కొందరిలో ఆ చోటు మరీ సున్నితమైపోతుంది. ఈయనకి నెమ్మదించడం కాదు, ఆగిపోతోంది. అప్పుడు మెదడుకే రక్తం అందదు. బాబాయిగారూ, మీరు మెడ నొక్కుకోవడం ఆపండి, ఇది ఇంట్లో చేసి చూసేది కాదు!"

ఇస్త్రీ బావ దొంగలా చెయ్యి దించేశాడు.

"చేతులు కొట్టుకున్నాయమ్మా" అంది మరదలు, ఇంకా నమ్మకం కుదరక.

"మెదడుకి రక్తం అందకపోయినా కొట్టుకుంటాయమ్మా. అప్పుడు మీరేం చేశారు?"

"కుర్చీలో కూర్చోబెట్టి, తల నిలబెట్టి పట్టుకున్నాం."

డాక్టరు తల అడ్డంగా ఊపింది. "పడిపోవడం కూడా ఒంటికి ఒక రకంగా మందేనండీ. పడుకుంటే గుండె, తల ఒకే ఎత్తులోకి వస్తాయి, కాళ్ళలో నిలిచిన రక్తం వెనక్కి వస్తుంది. మీరు నిలబెట్టి పట్టుకోవడంతో మెదడుకి రావలసిన ఆ కాస్తా రాలేదు. ఇకమీదట ఎవరు కళ్ళు తిరిగి పడ్డా పడుకోనివ్వండి. కాళ్ళు కొంచెం ఎత్తి పెట్టండి. మెడ దగ్గర బిగువు తీసెయ్యండి."

నిటారుగా నిలబెట్టడం. ఆవిడ జన్మంతా చేసిన పని అదే. తమ్ముణ్ని తన చేతులతో రెండుసార్లు కాలరుతో పడగొట్టి, ఆ పైన తల నిలబెట్టి పట్టుకుని లేవకుండా చేసింది. మన దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలదా! ఒడిలో చొక్కా ఉంది, కాజా సగం కుట్టి ఉంది. ఆవిడ దాన్ని చూసింది, పాము పిల్లను చూసినట్టు కింద పడేసింది.

"నేనే చేశానమ్మా" అంది. "బస్సులో ఆవిడ చెయ్యి విరిగింది కూడా నా వల్లే."

"పూర్తిగా అలా అనుకోకండి. ఆయన మెడలో ఆ లోపం ఉంది కాబట్టి జరిగింది. కాలరు కాకపోతే ఇంకేదో నొక్కేది" అంది డాక్టరు మెత్తగా. "గుండె ఆగబోతే గుర్తుపట్టి తట్టిలేపే చిన్న యంత్రం ఉంటుంది. దాన్ని భుజం కింద చర్మం లోపల పెడతాం. మళ్ళీ బస్సు నడపడం సంగతి తర్వాత పరీక్షలు చూసి చెప్తాం, ఇప్పుడే మాటివ్వలేను. ఒకటి మాత్రం రాసిస్తాను. ఈయన తాగలేదు, నిద్రపోలేదు, మూర్ఛా కాదు."

ఆ కాగితంతో తమ్ముడి పేరు నిలబడింది. పరీక్షలు పూర్తయ్యేదాకా స్టీరింగు ముట్టకుండా, కొత్తగా చేరినవాళ్ళకు పక్కన నిలబడి పని నేర్పమని కంపెనీ చెప్పింది. అంతటితో ఊరుకుంటే ఆవిడ కాలరక్క ఎందుకవుతుంది? యంత్రం పెట్టించి తమ్ముణ్ని ఇంటికి తెచ్చిన మర్నాడే డిపోకు నడిచింది. డ్రైవర్ల విశ్రాంతి గదిలోకి, చెప్పాపెట్టకుండా.

లోపల నీలం టైలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఆవిడ జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు, పాత నమూనా సంగతితో సహా. "మీ మెడలన్నిటికీ అదే కాలరు తగిలించాను. మీలో ఎవరికి ఎప్పుడేమవుతుందో నాకు తెలియదు. విప్పెయ్యండి. ఇప్పుడే విప్పెయ్యండి. అన్నీ వదులు చేసి కుట్టి ఇస్తాను" అంది.

ఒక్కడూ కదల్లేదు. తేలుకుట్టిన దొంగల్లా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏమయ్యా, వినపడలేదా?"

అందరిలోకి పెద్దవాడు, మాట్లాడితే చెవులు గింగుర్లెత్తుతాయని హారన్ బాబాయి అని పిలిచే ఆయన, ముందుకు వచ్చి టై ముడి పక్కకు లాగాడు. పైగుండీ కాజాలో లేదు. గుండీకీ కాజాకూ మధ్య ఒక చిన్న రబ్బరు బ్యాండు సాగి ఉంది. టై వెనక ఎవరికీ కనపడదు. కాలరు సందులో రెండు వేళ్ళేం ఖర్మ, మూడు పడతాయి.

"నువ్వొక్కడివేనా?" అంది ఆవిడ.

ఆయన పక్కవాడూ టై లాగాడు. రబ్బరు బ్యాండు. ఆ పక్కవాడూ లాగాడు. అదే. గది చివరిదాకా అదే.

"మొదటి చొక్కా నుంచీ ఇంతేనక్కా" అన్నాడు హారన్ బాబాయి, జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి. "ఇంత శ్రద్ధగా కుడతారు, మీ మొహం మీద చెప్పలేక..."

అన్నేళ్ళ "బాగుందక్కా"లన్నీ ఆవిడ చెవుల్లో ఒకేసారి మోగాయి. డాక్టరమ్మ చెప్పిన దొంగ కబురు ఇది. కళ్ళతో చూడకుండా, వచ్చిన కబురే నిజమని నమ్మి, జన్మంతా దాని ప్రకారమే బిగిస్తూ పోయింది.

"మరి మా వాడికి చెప్పలేదా ఎవరూ?" అని అడిగింది.

"చెప్పకపోవడమేంటక్కా! రబ్బరు బ్యాండు నేనే చేతిలో పెట్టాను. తీసుకోలేదు. 'మీకు ఆవిడ దర్జీ, నాకు అక్క. పొద్దున్నే తన చేత్తో గుండీ పెట్టి పంపుతుంది, గేటు దాటగానే నేను విప్పుకోవడమా?' అన్నాడు."

ఆవిడ ఎలా ఇల్లు చేరిందో ఆవిడకే తెలియదు. రోడ్డు దాటితే ఇల్లే. ముందుగదిలో తమ్ముడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, భుజం కింద కట్టు, ఒంటి మీద బావ పాత బనియను. గోడ మీద మేకుకు ఆ అట్టకాగితం నమూనా ఇంకా వేలాడుతూనే ఉంది. ఆవిడ దాన్ని పీకి, ముక్కలుగా చింపి, కత్తిరింపుల బుట్టలో పడేసింది. టేపు తీసుకుని వాడి ముందుకొచ్చి నిలబడింది.

చెయ్యి ముందుకు పోలేదు. ఆ మెడ చుట్టూ ఏదైనా చుట్టాలంటేనే వేళ్ళు బిగుసుకుపోయాయి.

వాడే టేపు కొస అందుకుని, మెడ కింది భాగాన వదులుగా చుట్టుకుని, అక్క చెయ్యి పట్టుకుని రెండు వేళ్ళు దాని సందులో పెట్టించాడు. వేళ్ళ వెనక వెచ్చటి చర్మం. దాని కింద మెత్తగా, ఆగకుండా నాడి కొట్టుకుంటోంది. ఆ మెడకు అన్ని కాలర్లు కుట్టిన మనిషికి దాని నాడి చేతికి తగలడం అదే మొదలు.

"నాకెందుకు చెప్పలేదురా?" అంది.

"నువ్వు ఎలా ఉందనే అడిగేదానివి. చూడ్డానికి బాగానే ఉండేదిగా."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవాలంటే వేళ్ళు తీయాలి. "ఇప్పుడు... ఊపిరి ఆడుతోందా?"

"మెడకెందుకక్కా ఊపిరి? ముక్కుంది కదా" అన్నాడు వాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర భర్త నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ అలాగే నిలబడి ఉంది, వేళ్ళ కింద నాడి కొట్టుకుంటుంటే వింటూ, టేపు మీద అంకె చూడటం కూడా మరిచిపోయి.